కండె నుంచి కంఠహారం దాకా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నువ్వు చేసే దారపు నగల గురించి నాలుగు మాటలు చెప్పమ్మా" అని సంఘం పెద్దలు అడిగారు. చిన్న విషయమే. కాకపోతే దాని వెనక మన రెండు ఊళ్ల సంగతి ఉంది కాబట్టి ఒప్పుకున్నాను.

ఆదోని అంటే పత్తి, ఎమ్మిగనూరు అంటే మగ్గం. 1938లో పద్మశ్రీ మాచాని సోమప్ప గారు నేతగాళ్లను కూడగట్టి ఎమ్మిగనూరులో సహకార సంఘం పెట్టారు. మన ఊరి దుప్పట్లు, తువ్వాళ్లు ఊరు దాటి పేరు తెచ్చుకున్నాయి. మనలో చాలామంది ఆ మగ్గాల చప్పుడు వింటూ పెరిగినవాళ్లమే. ఆ ఇళ్లలో ఒక లెక్క ఉండేది, మీకు గుర్తుండే ఉంటుంది. మగ్గం గుంటలో కూర్చున్న మనిషికి ఇంత బట్టకు ఇంత అని కూలి వచ్చేది. పక్కన రాట్నం తిప్పుతూ కండెలు చుట్టిన మనిషికి విడిగా ఏమీ వచ్చేది కాదు. ఆ మనిషి మా అవ్వ, మా అమ్మ, బడి నుంచి వచ్చాక నేను. కండె లేనిదే నాడె కదలదు. అయినా "మీ ఇంట్లో నేసేదెవరు?" అని అడిగితే మేమంతా నాన్న పేరే చెప్పేవాళ్లం.

ఇప్పుడు నా పని గురించి చెబుతాను. ఖాళీ అయిన చెక్క దారపు రీలు మీద నాలుగు మేకులు కొట్టి, వాటి చుట్టూ దారం వేసి గుండ్రటి తాడు అల్లే ఆట ఒకటుంది. ఇంగ్లండులో పిల్లలు ఆడుకునేవాళ్లు, దాన్ని ఫ్రెంచ్ నిట్టింగ్ అంటారు. చెక్క రీళ్లు ఇప్పుడు దొరకవు. అరంగుళం ప్లాస్టిక్ పైపు ముక్క చుట్టూ నాలుగు ఐస్‌ఫ్రూట్ పుల్లలు నిలబెట్టి, టేపు చుడితే చాలు. పుల్లల కొసలు పైపు అంచుకు పైన ఒక వేలెడు ఉండాలి.

దారం కొసను పైపులోంచి కిందికి వదలాలి. ఒక్కో పుల్లకు ఒక్కో చుట్టు వేయాలి. మళ్లీ రెండో చుట్టు వేసి, కింది చుట్టును తలపిన్నుతో ఎత్తి, పై చుట్టు మీదుగా పుల్ల దాటించి లోపలికి వదలాలి. నాలుగు పుల్లలకూ ఇదే పని. కిందికి వేలాడే కొసను అప్పుడప్పుడు లాగుతూ ఉంటే, కాసేపటికి పైపు అడుగు నుంచి తాడు దిగుతుంది. ఊలుకు సాగే గుణం ఉంది కాబట్టి మొదట దానితో నేర్చుకోవాలి. నూలు సాగదు, అందుకని చుట్టు వదులుగా వేయాలి. మగ్గం దగ్గర మిగిలిన పోగులు పది పన్నెండు కలిపితే మంచి తాడు వస్తుంది. చివర్లో కొసను సూదికి ఎక్కించి నాలుగు చుట్లలోంచీ లాగి బిగిస్తే ఊడిపోదు.

ఈ తాడును నగగా మార్చేది మెలిక. ఐర్లాండ్, స్కాట్లాండ్‌లలో పాత శిలువ రాళ్ల మీద, చేతిరాత పుస్తకాల్లో ఇలాంటి మెలికలు కనిపిస్తాయి. కెల్టిక్ ముడులంటారు. సుమారు 800 ప్రాంతంలో రాసిన 'బుక్ ఆఫ్ కెల్స్' డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో ఉంది. దాని పుటల ఫొటోలు మొదటిసారి చూసినప్పుడు నాకు మా అవ్వ వాకిట్లో వేసే మెలికల ముగ్గు గుర్తొచ్చింది. చుక్కల మధ్య తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికే చేరే గీత అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. ఒకరిని చూసి ఇంకొకరు నేర్చుకున్నారని నేననను. చేతికి తోచే దారి ఒకటే అయింది.

లెక్కల సార్లు ఇక్కడే ఉన్నారు కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. వరసకు మూడు చుక్కల చొప్పున రెండు వరసలు పెట్టండి. పక్కపక్క చుక్కల మధ్య, పైకింద చుక్కల మధ్య గీత ఒకదాన్నొకటి దాటేలా చుట్టూ తిప్పండి. ఏడుచోట్ల దాటుతుంది, గీత మాత్రం ఒక్కటే. మూడు వరసలు, మూడు చుక్కలైతే మూడు విడి గీతలు వస్తాయి. నాలుగు వరసలు, ఆరు చుక్కలైతే రెండు. వరసల సంఖ్యకు, వరసలోని చుక్కల సంఖ్యకు గ.సా.భా. ఎంతో అన్ని గీతలు! ఆరో తరగతిలో మనం "ఇదెందుకు సార్?" అని గొణుక్కున్న గ.సా.భా. ఇదే. ఒకే తాడుతో నగ కావాలంటే గ.సా.భా. ఒకటి రావాలి. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి గారు 1970లలోనే ముగ్గుల మీద గణిత పరిశోధన చేశారు.

ఆ రెండు మూళ్ల ముగ్గును అట్టముక్క మీద గీసి, గీత వెంబడి తాడును గుండుసూదులతో అమర్చాలి. ఒకచోట పైనుంచి పోతే తర్వాతి చోట కిందనుంచి పోవాలి. ఏ కూడలికి రెండోసారి వచ్చినా, మొదటిసారి పైన పోయినచోట ఈసారి కింద పోయే వంతే వస్తుంది. ఎక్కడా తప్పదు. రెండు కొసలనూ వేరే తాడు కింద దూరేచోట కలిపి కుడితే అతుకు కనబడదు. మూరెడు తాడుకు అటూఇటూగా ఒక పతకం. నా చేతికి అల్లడానికి గంట, అమర్చి కుట్టడానికి గంటన్నర పడుతుంది.

ఆ రెండున్నర గంటల గురించే నా విన్నపం. స్వర్ణోత్సవ గుర్తుగా బడికి ఏమివ్వాలని సంఘం ఆలోచిస్తోంది. గదులు, కంప్యూటర్లు తప్పకుండా ఇవ్వండి. వాటితోపాటు వారానికి ఒక గంట చేతిపనికి ఇప్పించండి. పరీక్షలు దగ్గర పడగానే మొదట పోయే పీరియడ్ అదే. కండె చుట్టే చేతికి, ముగ్గు పెట్టే చేతికి లెక్కలు వచ్చునని ఆ గంటలో ఆడపిల్లలకు తెలుస్తుంది. మగపిల్లలనూ కూర్చోబెట్టండి, కండె వాళ్లకూ తెలియాలి.

పిల్లలు చేసిన నగను "భలే ఉందే" అని ఊరికే తీసుకుపోవద్దు. పట్టిన గంటలు లెక్కగట్టి, వెల ఇచ్చి కొనండి. మెడలో వేసుకున్నాక ఎక్కడిదని ఎవరైనా అడిగితే, ఊరి పేరుతో ఆపకండి. చేసిన పిల్ల పేరు కూడా చెప్పండి.