అటక మీది బిలియర్డ్స్ కర్ర

పండగ ముందు అటక దులిపేటప్పుడు, అయిదడుగులకు కాస్త తక్కువగా, ఒక కొస సన్నగా, ఇంకో కొస లావుగా ఉన్న నున్నటి కర్ర మీ చేతికి తగిలిందా? బట్టలారేసుకోవడానికి పనికొస్తుందని తీయకండి. అది బిలియర్డ్స్ ఆట కర్ర కావచ్చు. ఆడేవాళ్లు దాన్ని క్యూ అంటారు.

మా మామగారు ఒక క్లబ్బులో మార్కరుగా పనిచేశారు. అంటే బల్ల దగ్గర నిలబడి ఆట లెక్క చెప్పే ఉద్యోగం. ఆయన పోయాక అటక మీద ఆ కర్ర కనిపించింది. దోమతెరకి బాగుంటుందనుకున్నాను. పొడవెక్కువైందని సన్నటి కొసన జానెడు కోయించేశాను! ఆట తెలిసిన మా అన్నయ్య వచ్చి చూసి తల పట్టుకున్నాడు. అప్పుడు అతను చెప్పిన గుర్తులే మీకూ చెబుతాను.

ముందు లావు కొస చూడండి. ఒక పక్క చదునుగా చెక్కి చిన్న బిళ్ల అతికించి ఉంటే, దాని మీద తయారుచేసినవారి పేరుంటుంది. థర్‌స్టన్, బరోస్ అండ్ వాట్స్, రైలీ – ఇవన్నీ పేరుమోసిన ఇంగ్లండు కంపెనీలు. 16 అనో 17 అనో అంకె ఉంటే అది ఔన్సుల్లో బరువు. బిళ్ల మీద జో డేవిస్ పేరు కనిపిస్తే ఆయన ఆడిన కర్రే దొరికిందని సంబరపడకండి. 1927 నుంచి 1946 దాకా 15 సార్లు ప్రపంచ స్నూకర్ పోటీ గెలిచిన ఆయన పేరు పెట్టి దుకాణాల్లో ఎన్నో కర్రలు అమ్మారు.

తర్వాత నల్లని చేవకర్రా, తెల్లకర్రా కలిసే చోటు చూడండి. అతుకుల కొసలు గుండ్రంగా వంపు తిరిగితే సాధారణంగా చేతిపని. సూదిలా మొనదేలితే యంత్రం పని. చేతిపనికే విలువెక్కువ. ఆపైన కర్రని చదునైన బల్లమీద దొర్లించండి. ఎగిరెగిరి పడితే వంగినట్టే.

గరుకు కాగితంతో రుద్దకండి, వార్నిషు పూయకండి, గోడకి ఏటవాలుగా ఆనించకండి. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. కొసనున్న తోలుబిళ్ల అరిగిపోయినా బెంగలేదు, కొత్తది వేయించుకోవచ్చు. కర్రని మాత్రం కోయకూడదు. పొడవు తగ్గితే ఆడేవాడికీ పనికిరాదు, కొనేవాడూ మొహం తిప్పుకుంటాడు. పాతసామాన్ల వాడు చెప్పిన ధరకి ఇచ్చెయ్యకుండా, ఆట తెలిసినవాళ్లని ఇద్దరు ముగ్గురిని అడగండి.

మా కర్రకి ఇప్పుడు ధర లేదు. మా అత్తగారు కోప్పడలేదు. కోసిన ముక్క తెచ్చి కర్ర పక్కనే పెట్టి, "పగలంతా పెద్దల ఆట లెక్కపెట్టేవారమ్మా. క్లబ్బు మూసేశాక ఈ కర్రతో ఒక్కరే కాసేపు ఆడుకుని వచ్చేవారు" అన్నారు.

అందుకే, బిళ్ల చూసేముందు ఇంట్లో పెద్దవాళ్లని ఒక్కమాట అడగండి. నేను అడగలేదు. సెలవు.