ఫోన్ తెర మీద పిలవని పేరంటం
(వార్షిక సభలో చేసిన ప్రసంగపాఠం)



పిల్లల దరఖాస్తుల పని చూస్తున్నారు గనుక మీరూ నాలుగు మాటలు చెప్పండని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. మేము కంప్యూటర్ పండితులము కాము. సంఘం ఆఫీసులో ఓ పాత కంప్యూటర్ ముందు కూర్చుని స్కాలర్‌షిప్ ఫారాలు నింపిపెట్టేవాళ్లము. ఆ పనిలో మా కంటబడిన ఒక చికాకును గురించి మాత్రమే మాట్లాడతాము. మనం ఒక పేజీ చదువుతుంటే చెప్పాపెట్టకుండా దాని మీదికి వచ్చి కూర్చునే ప్రకటనలున్నవే, వాటిని గురించి. పాప్‌అప్‌లంటారు. ఇది చిన్న సంగతి, సభలో చెప్పేదేనా అని కొందరికి అనిపించవచ్చు. మాకూ మొదట అట్లాగే అనిపించింది.

గత ఏడాది రంజాన్ నెలలో మహబూబాబాద్ వైపు ఒక ఇంట్లో ఏం జరిగిందో వినండి. ఊరు, పేరు చెప్పము. తల్లి మిషన్ కుట్టి సంసారం నడుపుతుంది. కూతురు డిగ్రీ చదువుతోంది. ఇఫ్తార్ వేళ ఎంతయిందో చూద్దామని తల్లి కూతురి ఫోన్ అందుకున్నది. తెర వెలగ్గానే పైనుంచి ఒక అసభ్యమైన బొమ్మ జారింది. దాన్ని తోసేస్తే ఇంకొకటి. “అమ్మీ, నేనేం చూడలేదు, అదే వస్తున్నది” అని పిల్ల మొత్తుకున్నా తల్లి వినలేదు. ఫోన్ అల్మారాలో పెట్టి తాళం వేసింది. స్కాలర్‌షిప్ రెన్యూవల్‌కు ఓటీపీ రావలసింది ఆ నంబరుకే. పిల్ల భయపడి ఎవరికీ చెప్పలేదు. మా దాకా సంగతి వచ్చేసరికి గడువు దాటి తొమ్మిది రోజులైంది. ఆ ఏటి ఫీజు తల్లి అప్పు చేసి కట్టింది.

మేము వాళ్లింటికి పోయి, తల్లి ముందే ఆ ఫోన్ తెరిచి చూశాము. పిల్ల చేసిన తప్పల్లా ఒకటే. ఎప్పుడో నోట్స్ కోసం వెతుకుతుంటే ఒక పేజీ “నీవు యంత్రానివి కావని రుజువు చేయుటకు అనుమతించు నొక్కు” అన్నది. నొక్కింది. అది రుజువూ కాదు, పాడూ కాదు. రాత్రింబవళ్లు నీ ఫోన్‌కు ప్రకటనలు పంపటానికి నీవిచ్చిన పట్టా. ఆ ఒక్క పేజీ మరో నాలుగింటికి దారితీసి, ఆ జాబితాలో పదకొండు పేర్లు చేరి ఉన్నాయి. అన్నీ తీసివేయటానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. తల్లి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “భాయ్, ఈ ఐదు నిమిషాల పని ముందే ఎవరన్నా చెప్తే అయిపోవు గదా” అన్నది. అందుకే ఈ రోజు ఈ మాటలు.

పట్టా రద్దు చేయటం ఎట్లాగంటే, క్రోమ్‌లో పైన మూలకు మూడు చుక్కలుంటాయి. అవి నొక్కి సెట్టింగ్స్‌లోకి, అక్కడ సైట్ సెట్టింగ్స్‌లోకి పోండి. నోటిఫికేషన్స్ అన్నచోట మీరు అనుమతిచ్చిన పేర్లన్నీ కనబడతాయి. తెలియని పేరు ఉంటే తీసెయ్యండి. అక్కడే పాప్‌అప్‌లు, దారి మళ్లింపులు అని ఇంకొకటుంటుంది. అది మూసి ఉన్నదో లేదో చూసుకోండి. మామూలుగా మూసే ఉంటుంది. ఎవరో సినిమా చూడటానికి తెరిచి వదిలేస్తారు.

బ్రౌజర్ ముట్టకుండానే, ఊరికే ఉన్న ఫోన్ మీద తెరనిండా ప్రకటన వచ్చిందంటే జబ్బు వేరే. ఏదో యాప్ లోపల కూర్చున్నది. టార్చిలైటు, కిబ్లా దిక్సూచి, అజాన్ వేళలు, ఫోన్ శుభ్రం చేస్తామనే యాప్‌లు, ఇట్లాంటివి ఈ మధ్య ఏవి పెట్టుకున్నారో గుర్తు చేసుకోండి. ప్రకటన రాగానే ఇటీవల వాడిన యాప్‌ల జాబితా తెరిస్తే చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. దీన్లోని పని చేస్తున్నది కదా అని యాప్‌ను నమ్మవద్దు. పేరు అజాన్‌ది, సంపాదన ప్రకటనలది.

ఈ జబ్బు పుట్టుక కూడా చిత్రమే. 1990ల చివర అమెరికాలో ట్రైపాడ్ అనే కంపెనీలో పనిచేసిన ఈథన్ జుకర్‌మన్ దీనికి మొదటి కోడ్ రాసినవారిలో ఒకరు. ఒక కార్ల కంపెనీ తమ ప్రకటన ఒక అసభ్యమైన పేజీలో కనబడిందని గోల చేసిందట. సరే, పేజీలో కాకుండా విడిగా ఒక కిటికీలో తెరుద్దామని ఆయన ఈ ఉపాయం కనిపెట్టారు. 2014లో తానే పత్రికలో వ్యాసం రాసి క్షమించమన్నారు. బూతు పక్కన మా పేరు వద్దన్న కంపెనీ కోసం పుట్టిన సాధనం, ఇప్పుడు ఇఫ్తార్ వేళల పక్కకు బూతును తెచ్చి నిలబెట్టింది.

హనుమకొండ ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి కూర్చున్న మన వయసు వాళ్లకు జ్ఞాపకముంటుంది. ఒకటి మూస్తే మూడు తెరుచుకునేవి. 2004లో విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్‌తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు అడ్డుకట్ట వచ్చాక కొంత తగ్గింది. అప్పటినుంచి అవతలివాళ్లు వేషం మార్చి, మనచేతనే నొక్కించే పద్ధతి పట్టారు. కిటికీ మూస్తే తలుపు తట్టి వస్తున్నారన్నమాట.

కంప్యూటర్ ఉన్నవాళ్లు ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనేది పెట్టుకోవచ్చు. రేమండ్ హిల్ అనే ఆయన తయారుచేసి ఉచితంగా ఇస్తున్నారు, చందా ఇస్తామన్నా పుచ్చుకోరు. ఆండ్రాయిడ్ ఫోన్‌లోని ఫైర్‌ఫాక్స్‌లోనూ పనిచేస్తుంది. క్రోమ్‌కైతే దానిదే లైట్ అనే చిన్న రూపం ఉన్నది. పేరు సరిగ్గా చూసి పెట్టుకోండి, అదే పోలికతో నకిలీలుంటాయి. మా ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టాము. పత్రికల సైట్లకు మాత్రం ప్రకటనలు వదిలేశాము. వాళ్లూ బతకాలి కదా. ఇందులో మా కార్యవర్గంలోనే ఏకాభిప్రాయం లేదు, అది వేరే సంగతి.

ఇక “మీ ఫోన్‌లో వైరస్ ఉన్నది, వెంటనే నొక్కండి” అని ఎర్ర అక్షరాలతో వచ్చేది. వెబ్‌పేజీ మీ ఫోన్ లోపల వైరస్ వెతకలేదు. అది శుద్ధ అబద్ధం. భూపాలపల్లిలో గని డ్యూటీ దిగి వచ్చి నిద్రమత్తులో నొక్కినా, జనగామ బస్సులో నిలబడి నొక్కినా ఫలితమొకటే. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్ 30న మోసపు పద్ధతులు పదమూడింటిని నిషేధిస్తూ మార్గదర్శకాలు వెలువరించింది. లేని వైరస్ పేరుతో భయపెట్టటం, ప్రకటనను వార్తలాగా వేషం వేయించటం రెండూ అందులో ఉన్నాయి. ఇటువంటి వాటిపై ఫిర్యాదుకు 1915. డబ్బే పోతే ఆలస్యం చేయక 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి రెండు రోజులు దాచుకున్నవాళ్లను మేము చూశాము.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్ల ఫోన్‌లో పాడు బొమ్మ కనబడితే తాళం వేయకముందు ఆ నోటిఫికేషన్ల జాబితా ఒకసారి చూడండి. చూడటం రాకపోతే మా దగ్గరికి తీసుకురండి. ఆడపిల్లల ఫోన్లు చూడటానికి మన సోదరీమణులు ఇద్దరు నేర్చుకుని సిద్ధంగా ఉన్నారు. నిరుడు ఫోన్ పోగొట్టుకున్న ఆ అమ్మాయే అందులో ఒకరు. ఆమె ఈ ఏడు రెన్యూవల్ మొదటి వారంలోనే చేసుకున్నది.

భోజనాలయ్యాక వెనుకవైపు బల్ల దగ్గర మేముంటాము. ఫోన్లు తెచ్చుకోండి, కాస్త ఛార్జింగ్ ఉండేటట్టు చూసుకోండి. ఇక్కడ ప్లగ్గు ఒక్కటే ఉన్నది, దానికి మైకు పెట్టారు.