జెంటూ అనే మాట

"జెంటూ" అన్న మాట ఎప్పుడైనా విన్నారా? ఒకప్పుడు ఆంగ్లేయులు మనల్నీ, మన భాషనూ పిలిచిన పేరది. అన్యమతస్థుడని అర్థం వచ్చే పోర్చుగీసు మాట "జెంతియు" దీనికి మూలం. 1776లో హాల్‌హెడ్ తెచ్చిన జెంటూ న్యాయశాస్త్రంలో హిందువులందరూ జెంటూలే. మద్రాసు రాజధానిలో మాత్రం ఆ పేరు తెలుగువారికే అంటుకుంది. 1816లో క్యాంబెల్ తన వ్యాకరణాన్ని తెలుగు వ్యాకరణమన్నాడు; మరుసటి ఏడు విలియం బ్రౌన్ తనదాన్ని జెంటూ వ్యాకరణమన్నాడు. క్రమంగా ఆ పేరు పోయింది, భాష నిలిచింది.

1936లో మన గంజాం ఒరిస్సాలో చేరింది. మొన్న బడి ఫారంలో మాతృభాష గడి దగ్గర ఒక పిల్లవాడు ఆగి, "మాస్టారూ, తెలుగని రాయొచ్చా?" అని అడిగాడు. రాయమన్నాను. ఒడియా చక్కగా నేర్చుకుందాం. ఇంట్లో పిల్లలచేత రోజూ ఒక పేజీ తెలుగు కూడా చదివించండి. సెలవు.