వాడబడికి గది ఎందుకు రాదు?

(పూలే, అంబేద్కర్ జయంతుల సందర్భంగా వేంసూరులో జరిగిన సభలో ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు మార్చకుండా, అక్కడక్కడా కుదించి వేస్తున్నాం.)



నా ముందు మాట్లాడిన అన్నలు బాబాసాహెబ్ గొప్పతనం గురించి చాలా చెప్పారు. నేను మళ్ళీ అదే చెప్పను. నేను బడిపంతుల్ని. నాకు తెలిసింది లెక్కలు. ఒక్క లెక్క చెప్పి దిగిపోతా. బడికి గది కట్టటానికి సర్కారు ఇచ్చే డబ్బును ఎట్లా లెక్క కడతారు? మన వాడబడి దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క ఎందుకు తప్పుతుంది? ఇంతే నా ఉపన్యాసం.

జయంతి సభలో ఈ గ్రాంట్ల గోలేంది అని మీకు అనిపించొచ్చు. అంబేద్కర్ 1927 మార్చిలో బొంబాయి శాసనమండలిలో లేచి మాట్లాడింది ఈ గ్రాంట్ల గురించే. చదువు కోసం మనిషికి 14 అణాలు ఖర్చు పెడుతున్నారు, అదే మనిషి దగ్గర మందు మీద ఎక్సైజు కింద రెండు రూపాయల పైన గుంజుతున్నారు, కనీసం గుంజినంతైనా చదువుకు పెట్టండి అని అడిగాడాయన. అంతకు ముందు 1882లో హంటర్ కమిషన్ ముందు జోతిరావ్ పూలే కూడా అదే అడిగాడు. పన్ను కట్టేది రైతు, కూలోడు. ఆ డబ్బుతో చదివేది పై కులాల పిల్లలు, ఇదేం న్యాయం అన్నాడు. మన పెద్దలు ఉత్త ఆవేశంతో మాట్లాడలేదు, లెక్క కట్టి మాట్లాడారు. మనం వాళ్ళ ఫోటోలకు దండలేసి లెక్కలు మాత్రం వేరేవాళ్ళకు అప్పజెప్పాం.

నేను మా గూడెంలో మొదటి డిగ్రీ వాణ్ణి. మా నాయన జీతం ఉన్నాడు, మా అమ్మ నాట్లకు పోయేది. మా బడి ఒక్క గది. అయిదు తరగతులు, ఒక సారు. వాన వస్తే సారు బెల్లు కొట్టేవాడు, మేం ఇంటికి పరిగెత్తేవాళ్ళం. ఆ గది కూడా ఊరోళ్ళ దయ అని మేం అనుకునేవాళ్ళం. పెద్దయ్యాక తెలిసింది. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు అని కేంద్రం ఒక పథకం పెట్టింది. ప్రతి ప్రైమరీ బడికి కనీసం రెండు గదులు, వరండా, ఇద్దరు టీచర్లు అని రాశారు. మరి గదుల డబ్బు? అది ఆ పథకంలో లేదు. పల్లెల్లో కూలీలకు పని కల్పించే పథకాల నిధుల్లోంచి తెచ్చుకోమన్నారు. 1989 తర్వాత అది జవహర్ రోజ్‌గార్ యోజన. అంటే అర్థమైందా? మా అమ్మకు దొరకాల్సిన కూలి డబ్బులో నుంచి నాకు గది రావాలి. బువ్వా నీదే, బడీ నీదే, ఏది కావాలో తేల్చుకో అన్నట్టు. మాకు రెండూ దక్కలేదు.

సరే, అది గతం. ఇప్పటి లెక్క చూద్దాం.

2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని షెడ్యూలులో రాశారు: టీచరుకొక గది, దానికి తోడు ఆఫీసుకూ స్టోరుకూ హెడ్‌మాస్టరుకూ కలిపి ఒక గది. వినటానికి బాగుంది. మరి టీచర్లు ఎంతమంది? ప్రైమరీలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు. 61 నుంచి 90 దాకా ముగ్గురు. 91 నుంచి 120 దాకా నలుగురు. గదుల్ని తరగతుల్ని బట్టి లెక్కపెట్టరు, టీచర్లను బట్టి లెక్కపెడతారు. టీచర్లను పిల్లల తలల్ని బట్టి లెక్కపెడతారు. మన వాడబడిలో 28 మంది ఉన్నారనుకోండి. ఇద్దరు టీచర్లు, రెండు గదులు, అయిదు తరగతులు. ఒక గదిలో రెండు తరగతులు, ఇంకో గదిలో మూడు. చట్టం ప్రకారం ఇది పూర్తిగా సరిపోయిన బడి! ఇంకో గది అడిగితే మీకు లోటు లేదు అంటారు.

ఇంక రెండో మెట్టు. కావాల్సిన గదుల్లో నుంచి ఉన్న గదులు తీసేస్తే వచ్చేది లోటు. ఆ లోటుకే డబ్బు. ఉన్న గదులు ఎన్ని అనేది ఎవరు చెప్తారు? మేమే. హెడ్‌మాస్టర్లం. ఏటా యూడైస్ అని ఒక ఫారం నింపుతాం. సెప్టెంబరు 30 నాటికి బడిలో ఏముందో అందులో రాయాలి. గది బాగుందా, చిన్న రిపేరా, పెద్ద రిపేరా అని కూడా రాయాలి. జిల్లా ప్లాను, రాష్ట్రం ప్లాను, ఢిల్లీ మంజూరు, అన్నీ ఆ ఫారం మీద నుంచే నడుస్తాయి.

ఇక్కడ నేను నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగం వచ్చిన కొత్తలో నేనొక వాడబడిలో చేశా. శ్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటికి కనపడేవి. పిల్లల్ని లోపల కూర్చోబెట్టాలంటే భయం. ఫారంలో పెద్ద రిపేరు అని రాశా. పైనున్న ఒకాయన పిలిచి, అట్లా రాస్తే తనిఖీలని వస్తారు, నీకూ నాకూ తలనొప్పి, చిన్నదని రాయి అన్నాడు. ఆయన పేరు మీకెందుకు? రాసిన చెయ్యి నాది. చిన్న రిపేరు అని మార్చి రాశా. ఆ ఒక్క మాటతో కంప్యూటరులో ఆ బడికి రెండు గదులు ఉన్నట్టే అయింది. లోటు లేదు. లోటు లేదు గనక డబ్బు లేదు. పిల్లలు నాలుగు వానాకాలాలు వరండాలోనే చదివారు. ఒక తల్లి నన్ను అడిగింది: "సారూ, మా పిల్లోడి బడి కాయితంలో బాగుందంట గదా?" ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

మూడో మెట్టు ఎస్టిమేటు. గది మంజూరైతే ఏఈ వచ్చి కొలుస్తాడు. పునాది మట్టి ఎంత, కాంక్రీటు ఎంత, ఇటుక ఎంత, ఇనుము ఎంత అని ఒక్కొక్కటి రాసి, ప్రభుత్వ రేట్ల పట్టికలోని ధరతో గుణిస్తాడు. ఇసుక, కంకర ఎంత దూరం నుంచి వస్తాయో దాన్ని లీడ్ అంటారు. అది వేరే కలుపుతారు. పన్నులు, కార్మికుల సంక్షేమానికి ఒక శాతం సెస్సు కూడా అందులోనే. ఇక్కడ మన వాడ ఎక్కడ దెబ్బ తింటుంది? లారీ రోడ్డు మీద ఆగిపోతే అక్కడి నుంచి సందులోకి తట్టలతో మోయాలి. ఆ మోత కూలి ఎస్టిమేటులో రాయించుకోకపోతే ఎక్కడ తగ్గిస్తారు? సిమెంటులో తగ్గిస్తారు, క్యూరింగులో తగ్గిస్తారు. పట్టికలో రేటు పాతది, బజారులో ఇనుము రేటు కొత్తది అయినా అంతే. అయిదేళ్ళకే పెచ్చులూడే గది అట్లా పుడుతుంది. ఆ తర్వాత, మీకు గది ఇచ్చాం గదా అంటారు.

నాలుగో మెట్టు వరస. అందరికీ ఒకేసారి డబ్బు రాదు గదా, ముందు ఎవరికి? 2022 మార్చి 8న వనపర్తిలో మన ఊరు – మన బడి మొదలుపెట్టారు. 26,065 బడులు, 7,289 కోట్లు అన్నారు. మొదటి విడతలో 9,123 బడులు, 3,497 కోట్లు. ఆ బడుల్ని ఎట్లా ఏరారు? మండలాన్ని యూనిట్‌గా తీసుకుని పిల్లలు ఎక్కువ ఉన్న బడుల్ని ముందు పెట్టారు. ఊరి నడుమ పెద్ద బడి ముందుకు, ఊరి చివర వాడబడి వెనక్కి. తర్వాతి విడతల్లో మీ వంతు అన్నారు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. పాత పనులు చేయించిన వాళ్ళు బిల్లుల కోసం చాలాకాలం తిరిగారు. వెనక వరసలో నిలబడ్డోడి సంగతి ఎప్పుడూ ఇంతే. వాడి వంతు వచ్చేసరికి వరసే మారిపోతుంది.

ఎక్కువమంది పిల్లలున్న చోట ముందు కట్టటం న్యాయమే గదా అని ఒక తోటి మాస్టారు నాతో వాదించాడు. విడిగా చూస్తే న్యాయమే. కానీ మన బడిలో పిల్లలు ఎందుకు తగ్గారో చూడాలి గదా. గది లేక, సారు లేక తగ్గారు. తగ్గారు గనక గది రాలేదు. గది రాలేదు గనక మిగిలినోళ్ళు కూడా పొద్దున్నే సత్తుపల్లి పోయే పసుపుపచ్చ బస్సెక్కుతున్నారు. ఆయిల్ పామ్ తోటల్లో గెలలు కోసి, మామిడికాయలు మోసి తెచ్చిన కూలి ఫీజులకు పోతోంది. రోగంతో చిక్కిపోయినోణ్ణి చూపెట్టి, వీడు తినటం లేదు గనక వీడికి బువ్వ పెట్టొద్దు అన్నట్టుంది ఈ లెక్క. ఇందులో నా పాలు కూడా ఉంది. మా పెద్దోణ్ణి నేనూ ప్రైవేటులోనే వేశా. సభలో దాచిపెట్టి మాట్లాడితే రేపు మీ ముఖం చూడలేను.

ఇంకొక్క లెక్క. ఏటా సుద్దముక్కలకూ, చిన్న రిపేర్లకూ, కరెంటుకూ, నీళ్ళకూ, శుభ్రతకూ సమగ్ర శిక్ష నుంచి ఒక గ్రాంటు వస్తుంది. దాని కొలత చూడండి. 30 మంది దాకా పిల్లలుంటే 10,000 రూపాయలు. 31 నుంచి 100 దాకా 25,000. 250 దాకా 50,000. 1000 దాకా 75,000. మీ బడిలో 30 మంది ఉంటే పదివేలు, 31 మంది ఉంటే ఇరవై అయిదు వేలు. ఒక్క పిల్ల బస్సెక్కితే బడికి పదిహేను వేలు పోయినట్టు. ముప్పైమంది వాడుకునే మరుగుదొడ్డికీ, ముప్పై ఒక్కమంది వాడుకునే మరుగుదొడ్డికీ ఏం తేడా ఉంటుందయ్యా? వాన ఇద్దరికీ ఒక్కతీరుగానే పడుతుంది గదా.

వేరే తీరుగా లెక్క కట్టటం కుదరదా? కుదురుతుంది. అమెరికాలో మసాచుసెట్స్ అని ఒక రాష్ట్రం ఉంది. అక్కడ బడి కట్టుబడి ఖర్చులో రాష్ట్రం తన వాటాగా 31 శాతం నుంచి మొదలుపెడుతుంది. ఆ ఊరి ఆదాయం తక్కువైతే, ఆస్తులు తక్కువైతే, పేద పిల్లలు ఎక్కువైతే ఆ వాటా పెంచుతూ 80 శాతం దాకా పోతుంది. అదేమీ స్వర్గం కాదు, అక్కడా నల్లవాళ్ళ బాధలు నల్లవాళ్ళకున్నాయి. నేను చెప్పేది ఇంతే: పేదరికాన్ని కూడా సూత్రంలో ఒక అంకెగా పెట్టొచ్చు. పెట్టకపోవటం లెక్కలు రాక కాదు.

మనకు చట్టం లేదా అంటే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం తెచ్చుకున్నాం. దాని స్థానంలో 2017లో తెలంగాణలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. జనాభా ఎంత శాతమో నిధుల్లో అంత వాటా. బడుల డబ్బు కూడా జనరల్, ఎస్సీ, ఎస్టీ అని మూడు పద్దుల కింద విడుదలవుతుంది. అయితే అందరూ వాడుకునే పనుల్లో కొంత భాగం మన కోసం ఖర్చయినట్టు లెక్క రాసుకునే దారి కూడా ఉంది. పద్దు మన పేరున ఉంటుంది, గోడ ఇంకెక్కడో లేస్తుంది. మన పేరు మీద రాసిన రూపాయి ఏ వాడబడిలో ఇటుకైందో సమాచార హక్కు కింద అడగండి. ఇది ముష్టి కాదు. మన వాటా మనం అడుగుతున్నాం.

ఇప్పుడు పని సంగతి. విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ఒకటి గుర్తుపెట్టుకోండి. బడి యాజమాన్య కమిటీ బడి అభివృద్ధి ప్రణాళిక రాయాలి, ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకు ఆ ప్రణాళికే ఆధారం కావాలి అని అందులో ఉంది. అంటే చట్టం ప్రకారం ఈ లెక్క హైదరాబాదులో మొదలు కాకూడదు, మన వాడ వేపచెట్టు కింద మొదలు కావాలి. ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం ఆడవాళ్ళుండాలి. మనం వేలిముద్ర వేసి వస్తున్నాం, రాసేది ఇంకొకరు. అమ్మ ఆదర్శ కమిటీల్లో మహిళా సంఘాల అక్కలే పెద్దలు. అక్కా, ఆ కుర్చీ ఖాళీగా పెట్టొద్దు. పని అయ్యాక ఎం బుక్కులో ఏం కొలతలు రాశారో చూపెట్టమని అడుగు. టేపు పట్టటానికి డిగ్రీ అక్కర్లేదు.

జూన్‌లో బడిబాట అని మేం ఇల్లిల్లూ తిరుగుతాం. ఈసారి మీరు మాతో తిరగండి. 31 దాటిద్దాం, తర్వాత 61 దాటిద్దాం. పిల్లల్ని పంపమని ఊరికే అడగను. సారు రాకపోతే, పాఠం చెప్పకపోతే నిలదీయండి, నన్ను కూడా. సెప్టెంబరు 30 లోపల వాడ నుంచి నలుగురు బడికొచ్చి గదులన్నీ చూడండి. ఫోటోలు తీయండి. కమిటీలో తీర్మానం రాయండి. ఫారంలో ఏం రాస్తున్నావో చూపెట్టు సారూ అని అడగండి. ఇంకో గదికి జాగా లేదంటారు గనక వాడలో ప్రభుత్వ జాగా ఏముందో ఇప్పుడే చూసి కాయితం తీసిపెట్టుకోండి. జాగా చూపెట్టలేకపోతే వచ్చిన గది కూడా పక్క ఊరికి పోతుంది.

చివరిగా ఒక మాట. ఇప్పుడు నేను చేస్తున్న బడిలో కూడా ఒక గది కురుస్తోంది. ఈసారి ఫారంలో పెద్ద రిపేరు అనే రాస్తా. మళ్ళీ ఎవరో ఒకరు పిలిచి మార్చమంటారు, నాకు తెలుసు. అప్పుడు నేను ఒక్కణ్ణే ఉంటే మళ్ళీ భయపడతానేమో. మీ తీర్మానం కాయితం నా జేబులో ఉంటే భయపడను. ఆ కాయితం నాకివ్వండి. నేను అడుగుతున్నది అంతే.

జై భీమ్.