బిగువు సడలిన చోటనే గొంతు విప్పుతారు
(లాల్‌ఖదాన్‌లో రైల్వే, తపాలా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



శిక్షణ తరగతులలో పరిచయపు ఆటల గురించి మాట్లాడవలసిందిగా నన్ను కోరారు. కరువు భత్యం, పెన్షను, డ్యూటీ గంటలు చర్చించవలసిన చోట ఆటలేమిటని కొందరికి సందేహం కలుగవచ్చు. ఆ సందేహంతోనే ప్రారంభిస్తాను.

ఇంగ్లీషులో వీటిని ఐస్‌బ్రేకర్లు అంటారు. గడ్డకట్టిన సముద్రాన్ని చీల్చి దారి చేసే ఓడకు ఆ పేరు. బిలాస్‌పూర్ వైశాఖపు టెండలో మంచుగడ్డ ఊహకైనా అందదు గాని, మన సమావేశాలలో గడ్డకట్టే మౌనం మాత్రం అందరికీ తెలిసినదే. కార్యదర్శి నివేదిక చదువుతాడు. ఆఫీసులో పనిచేసే నలుగురు మాట్లాడతారు. పట్టాలపై ఎండకు ఎండే గ్యాంగ్‌మన్, పల్లెలో ఉత్తరాలు పంచే గ్రామీణ డాక్ సేవక్ వెనుక వరుసలో కూర్చుంటారు. చేయెత్తమన్నప్పుడు చేయెత్తి ఇంటికి వెళతారు. ఆ మౌనాన్ని మనం అంగీకారంగా జమ కడతాం. సమ్మె పిలుపు ఇచ్చిన నాడు గాని ఆ జమాఖర్చు తేలదు.

లాల్‌ఖదాన్ వంటి చోట ఈ సమస్య మరింత చిక్కు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి బిలాస్‌పూర్‌కు నానా ప్రాంతాల వారు వచ్చి చేరారు. ఉత్తరాంధ్ర నుండి వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ ఉన్నాయి. ఒకే గదిలో ఛత్తీస్‌గఢీ, హిందీ, తెలుగు, ఒడియా, బెంగాలీ వినబడతాయి. భాషకు భాష తోడుగా చేరుతుంది. కేడరుకు కేడరు ముఖం చాటేస్తుంది.

2025 నవంబరు 4న ఈ లాల్‌ఖదాన్ సమీపంలోనే మెమూ రైలు నిలిచి ఉన్న గూడ్సును ఢీకొన్నది. లోకో పైలెట్‌తో సహా పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ ప్రమాద కారణాలు నేటి చర్చాంశం కావు. అయితే అటువంటి దుర్ఘటన తరువాత జరిగే ఏ సమావేశంలోనైనా భయం, దుఃఖం, పరస్పర అనుమానం కూడా మన ప్రక్కనే కూర్చుంటాయని గుర్తించాలి. నడిపేవారు, సిగ్నలు చూచేవారు, కంట్రోలులో కూర్చునేవారు ఒకరినొకరు నిందించుకుంటూ పోతే భద్రత గురించి ఉమ్మడి కోర్కెల పత్రం ఎవరు వ్రాస్తారు?

ఇతర దేశాల అనుభవం

అమెరికాలో షికాగో నగరపు హల్ హౌస్‌లో నీవా బాయిడ్ అనే విదుషీమణి వలస కార్మిక కుటుంబాల మధ్య ఆటలను సంఘసేవా సాధనంగా నేర్పింది. ఆమె శిష్యురాలు వయోలా స్పోలిన్ 1930ల చివర, ఒకరి భాష ఒకరికి తెలియని వారిని కలిపేందుకు ఆ ఆటలను నాటకశాలకు మళ్ళించింది. 1932లో టెనెసీ రాష్ట్రంలో స్థాపించబడిన హైలాండర్ పాఠశాల యూనియన్ కార్యకర్తలకు శిక్షణ ఇచ్చింది. వర్ణ వివక్ష చట్టమై ఉన్న ఆ ప్రాంతంలో నల్లవారిని, తెల్లవారిని ఒకే బల్ల వద్ద భోజనానికి కూర్చోబెట్టి, కలిసి పాడించి, ఆ తరువాతనే చర్చకు దింపేవారు. రోజా పార్క్స్ 1955 వేసవిలో అక్కడ శిక్షణ పొందింది; ఆ డిసెంబరులోనే మాంట్‌గామరీ బస్సులో సీటు విడువ నిరాకరించింది.

మనకూ ఈ సంగతి క్రొత్త కాదు. కళ్ళు మూసి పేరు చెప్పించే వీరివీరి గుమ్మడిపండు పరిచయపు ఆట గాక మరేమిటి? బరువైన పట్టాను ఎత్తేటప్పుడు ఒకడు పదం అందుకుంటే పదిమంది బదులు పలికే అలవాటు గ్యాంగులలో ఉన్నదే గదా!

నాలుగు ఆటలు

మొదటిది, చప్పుడు ఆట. ప్రతివారూ తమ పేరు, పనిచేసే చోటు మాత్రం చెప్పి, తమ పనిలో వినవచ్చే ఒక చప్పుడు చేయాలి. కీమన్ సుత్తి దెబ్బ, తపాలా ముద్ర టకటక, గార్డు ఈల. ఆ పని ఏదో మిగతావారు చెప్పాలి. భాష రానివాడు కూడా ఇందులో వెనుకబడడు.

రెండవది, సర్వీసు వరుస. నోరు మెదపకుండా, సైగలతోనే, ఉద్యోగంలో చేరిన సంవత్సరం ప్రకారం వరుసగా నిలబడాలి. తరువాత మొదటివానిని చివరివానితో జతచేసి ఐదు నిమిషాలు మాట్లాడుకోమనాలి. పాతవాడు తన తొలి జీతం సంగతి చెబుతాడు. క్రొత్తవాడు తన పెన్షను బెంగ చెబుతాడు. 2004 జనవరి 1కి ముందు చేరినవారికీ, తరువాత చేరినవారికీ పెన్షనులో వచ్చిన తేడా కరపత్రం లేకుండానే ఇద్దరికీ అర్థమవుతుంది.

మూడవది, చెవిలో మాట. వరుసలో మొదటివాని చెవిలో ఒక ఉత్తర్వు చెప్పి, చివరివానిచేత బిగ్గరగా చెప్పించాలి. మాట మారిపోతుంది, అందరూ నవ్వుతారు. నవ్వు ఆగిన తరువాత, స్టేషను మాస్టర్లు ప్రైవేటు నంబరు ఎందుకు మార్చుకుంటారు, ఇంజనులో ఇద్దరూ సిగ్నలును పైకి పలికి ఎందుకు ధ్రువపరచుకుంటారు అని అడగండి. పొరపాటు మనిషి స్వభావంలోనే ఉన్నదనీ, దానిని పట్టుకొనే ఏర్పాటు పద్ధతిలో ఉండాలనీ వారే చెబుతారు. నింద నుండి భద్రతకు చర్చ మళ్ళేది అక్కడే.

నాలుగవది, తపాలా సంచి. ప్రతివారూ తమను బాధిస్తున్న ఒక మాటను సంతకం లేకుండా చీటీపై వ్రాసి సంచిలో వేయాలి. వ్రాయలేనివారికి తాము నమ్మిన సహచరుడు వ్రాసిపెట్టాలి. సార్టింగు చేసినట్లు చీటీలను విషయాల వారీగా వేరుచేసి చదివితే, ఒక్కడి బాధ అనుకున్నది పదిమందిదని తేలుతుంది. ఆ రోజు చర్చకు ఎజెండా అదే కావచ్చు.

పాటించవలసిన నియమాలు

ఇంటిపేరు అడుగవద్దు. మన దేశంలో ఇంటిపేరు అడగడమంటే కులం అడగడమే. ఇష్టం లేనివారిని బలవంతపెట్టవద్దు. ఊరక కూర్చునే హక్కు కూడా హక్కే. స్త్రీ పురుషులు ఒకరినొకరు తాకవలసిన ఆటలు, చదువు రానివానిని నవ్వులపాలు చేసే ఆటలు కూడదు. రాత్రి డ్యూటీ దిగి వచ్చినవారుంటే కూర్చుని ఆడేవే ఎంచుకోండి. సహచరుడు మరణించిన వారంలో ఆటలు వద్దు; రెండు నిమిషాలు మౌనం పాటించి, మాట్లాడదలచినవారిని మాట్లాడనివ్వండి. పావుగంట మించనీయవద్దు. ఆడించేవాడు కూడా ఆడాలి. కుర్చీలో కూర్చుని ఆడించేవాడు అధికారిలాగే కనబడతాడు.

ఒక హెచ్చరికతో ముగిస్తాను. యాజమాన్యాలు కూడా నేడు ఒత్తిడి నివారణ పేరిట ఆటలు ఆడిస్తున్నాయి. ఆడించనివ్వండి. కాని నిద్ర చాలని లోకో పైలెట్‌కు ఆట విశ్రాంతి కాజాలదు. ఖాళీ పోస్టులు నింపక, ఇద్దరి పని ఒక్కనిచేత చేయిస్తూ చప్పట్లు కొట్టించడం మందు కాదు, మభ్యపెట్టడం. 1974 మే 8 నుండి 27 వరకు జరిగిన రైల్వే సమ్మెలో ఎనిమిది గంటల పనిదినం ప్రధాన కోర్కెలలో ఒకటి. ఒత్తిడికి అసలు చికిత్స ఆ దారిలోనే ఉన్నది. వెనుక వరుసలోని మనిషి నోరు తెరిచి ఆ కోర్కెను తన మాటగా చెప్పేందుకు మనం ఆడే ఆట తోడ్పడాలి. అంతవరకే దాని పని. ఆ పని చిన్నది కాదు.

రానున్న శాఖా సమావేశంలో ఈ నాలుగింటిలో ఒక్కటైనా ఆడి చూడండి. ఆ రోజు క్రొత్తగా ఎందరు మాట్లాడారో మినిట్స్ పుస్తకంలో వ్రాసి ఉంచండి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!