పనిచేసే మనిషి మనసు: ఒక ఎం.ఏ. చదువు గురించి
(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శి గారు వివరంగా చెప్పారు. నాకిచ్చిన పది నిమిషాల్లో పిల్లల చదువుకు సంబంధించిన విషయం ఒకటి మనవి చేస్తాను.

మన సభ్యుల ఇళ్ళల్లో ఈ మధ్య ఒక మాట వినవస్తున్నది. డిగ్రీ పూర్తిచేసిన మనవడో, మనవరాలో వచ్చి "తాతయ్యా, సైకాలజీలో ఎం.ఏ. చేస్తాను, ఉద్యోగులకు సంబంధించిన విభాగంలో" అంటున్నారు. "పిచ్చి డాక్టరు చదువు మనకెందుకు? గ్రూప్స్ రాసుకో" అని మనం వెంటనే కొట్టిపారేస్తున్నాం. అలా అనేముందు ఆ చదువేమిటో తెలుసుకుందామని నా విన్నపం.

దానిని పారిశ్రామిక, సంస్థాగత మనస్తత్వశాస్త్రం అంటారు. ఏ పనికి ఎవరు తగినవారు? శిక్షణ ఎలా ఇవ్వాలి? జీతాలు ఒకటే అయినా ఒక సెక్షనులో పని సాగి, పక్క సెక్షనులో ఎందుకు పేరుకుపోతుంది? రాత్రి షిఫ్టు వల్ల మనిషి నిద్ర, సంసారం ఏమవుతాయి? ఇటువంటివి దాని ప్రశ్నలు. రిటైరైన మర్నాడు పది గంటలయ్యేసరికి మనకు కాలు నిలవకపోవడం కూడా ఆ శాస్త్రం పరిధిలోనిదే.

ఒక ఉదాహరణ చెబుతాను. అహ్మదాబాదు కాలికో మిల్లులో ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు. యంత్రాలు కొత్తవేగాని, ఉత్పత్తి ఆశించినంత రాలేదు. 1953లో లండను టావిస్టాక్ సంస్థ నుంచి ఏ.కె. రైస్ అనే పరిశోధకుడు వచ్చి పరిశీలించాడు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క రకం పని అప్పగించారు. అందరూ అన్ని మగ్గాల మధ్యా తిరుగుతున్నారు గాని, ఫలానా మగ్గం మాదని చెప్పేవారు లేరు. అప్పుడు కార్మికులు చిన్న జట్లుగా ఏర్పడి, ఒక్కొక్క జట్టు కొన్ని మగ్గాల బాధ్యత తీసుకుంది. ఉత్పత్తి పెరిగింది, పాడయ్యే గుడ్డ తగ్గింది.

మన ఆఫీసుల్లోనూ అంతే కదా! టప్పా విప్పేది ఒకరు, ఇన్వర్డు చేసేది మరొకరు, ఫైలు పుటప్ చేసేది ఇంకొకరు. ఆపైన టైపు వేరు, డిస్పాచి వేరు. రైతు వచ్చి "నా అర్జీ ఏమైందయ్యా?" అంటే ప్రతివారూ "నా దగ్గర లేదు" అనేవారు. అందరూ నిజమే చెప్పేవారు! నేను పనిచేసిన ఒక కార్యాలయంలో సూపరింటెండెంటు గారు కొన్ని గ్రామాలకొక సీటు చొప్పున మొదటినుంచి చివరిదాకా పని అప్పగించారు. అర్జీదారుల పేర్లు మాకు గుర్తుండటం మొదలైంది. ఆయన రైస్ పేరు విని ఉండరు, అనుభవంతో చేశారు. ఆయన బదిలీ అయ్యారు, ఆ పద్ధతీ పోయింది. అనుభవం మనిషితోపాటు వెళ్ళిపోతుంది. శాస్త్రం దాన్ని కొలిచి, రాసిపెట్టి, తరువాతివారికి అందిస్తుంది. ఈ చదువు ప్రయోజనం అదే.

మన తెలుగునాటనే ఇంకొక ప్రయోగం జరిగింది. 1964లో హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ 'సియెట్'లో కాకినాడకు చెందిన 52 మంది వ్యాపారులకు, పారిశ్రామికులకు సాధించాలనే పట్టుదల పెంచే శిక్షణ ఇచ్చారు. దీనికి మూలపురుషుడు హార్వర్డు ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్. శిక్షణ లేని రాజమండ్రి వారితో పోల్చి చూశారు. సంప్రదాయ విశ్వాసాలు వ్యాపారదక్షతకు అడ్డు రావని, తగిన శిక్షణతో చొరవ పెరుగుతుందని తేల్చి, 1969లో పుస్తకం వేశారు. ఆ తరువాత 1975లో లార్సన్ అండ్ టూబ్రో కంపెనీలో మానవ వనరుల అభివృద్ధి విభాగానికి రూపకల్పన చేసినవారు ఉదయ్ పారీక్, టి.వి. రావు గార్లు.

మన జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు రాత్రింబవళ్ళు షిఫ్టుల మీద నడుస్తున్నాయి. ఈ శాస్త్రం తెలిసినవారి అవసరం మన మెట్ట ప్రాంతానికి లేదనగలమా?

ఇక అసలు చిక్కు చెబుతాను. మొన్నమొన్నటిదాకా ఈ చదువుకు ఇగ్నో దూరవిద్య ఉండేది. ఏ డిగ్రీ ఉన్నా చేరవచ్చు. రెండో సంవత్సరంలో ఈ విభాగం ఎంచుకోవచ్చు. నందిగామలో కాపురముంటున్న కోడలు వంటపని ముగించుకుని చదువుకునే వీలుండేది. 2025 జూలై-ఆగస్టు విద్యాసంవత్సరం నుంచి సైకాలజీని దూరవిద్యలోగాని, ఆన్‌లైన్‌లోగాని నడపరాదని యూజీసీ ప్రకటించింది. 2021 నాటి ఆరోగ్యవృత్తుల చట్టం పరిధిలోకి ఈ విషయం రావడమే కారణం. కనుక "ఇంట్లోనే చదివిస్తాం" అనే ప్రకటన చూసి ఫీజు కట్టవద్దు. ముందు యూజీసీ ఉత్తర్వులు చూడండి.

రెగ్యులరుగా చదవాలంటే విశాఖలో ఆంధ్ర, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర, హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ శాఖలున్నాయి. మన రాష్ట్రంలో ప్రవేశానికి పీజీసెట్ రాయాలి. ఉస్మానియా ఇప్పుడు పొరుగు రాష్ట్రంలోనిది, స్థానికత నిబంధనలు చూసుకోవాలి. ఎంపిక చేసుకునే ముందు సిలబసులో ఈ విభాగం ఉందో లేదో అడగాలి. ఇంకొక సంగతి: ఈ ఎం.ఏ.తో మానసిక వ్యాధులకు చికిత్స చేసే అర్హత రాదు. దానికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన శిక్షణ వేరే ఉంది.

దూరవిద్య దారి మూసుకుపోతే ముందుగా ఆగిపోయేది ఆడపిల్లల చదువే. "అంతదూరం ఎలా పంపుతాం?" అనే ప్రశ్న మన ఇళ్ళల్లోనే పుడుతుంది, దానికి జవాబు చెప్పవలసిందీ మనమే. తోడు వెళ్ళి హాస్టలు చూసి రావడానికి మనకు తీరిక ఉంది. ఒకటో తారీఖున వచ్చే పెన్షనులో కొంత ఆ పిల్ల మెస్ బిల్లుకు పంపితే అంతకన్న మంచి ఖాతా ఏముంటుంది? ముప్పై ఏళ్ళు మనం ఫైళ్ళ మధ్య చూసినదాన్ని వాళ్ళు శాస్త్రంగా చదువుతామంటున్నారు. కాదనకండి.