పిట్ సెక్రటరీని ఎవరు ఎన్నుకోవాలె?

(గోదావరిఖనిలో యువ గని కార్మికుల సమావేశంలో ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినోళ్లు ‘కార్మిక సంఘాల్ల నాయకత్వం’ మీద మాట్లాడుమన్నరు. అంత పెద్ద ముచ్చట నాతోని కాదు. నేను బాయిల దిగినోన్ని కాదు. మా నాయన దిగిండు. కోల్ ఫిల్లర్‌గ తట్ట చెమ్మస్ పట్టి బతికిండు, నన్ను డిగ్రీ దాక చదివించిండు. నేను పేపర్ల పడ్డ. అందుకే ఇయ్యాల ఒక్క కుర్చీ గురించే మాట్లాడుత. పిట్ సెక్రటరీ కుర్చీ. ఈడ కూసున్నోళ్లల్ల ఓ నలుగురు ఆ కుర్చీ కోసం నిలబడాలె అనుకుంటున్నరని నాకు ఎరుకే. అందుల మా చిన్నాయన కొడుకు ఒకడు.

నిలబడుడు అంటున్నం కదా, ఎవరి ముందట నిలబడుడు?

సింగరేణిల గుర్తింపు సంఘం ఎన్నికలు 1998ల మొదలైనయి. రహస్య బ్యాలెట్. దేశంల చానా పరిశ్రమల్ల కార్మికునికి ఇంత నికరమైన ఓటు లేదు, అది మనం గర్వంగ చెప్పుకోవాల్సిందే. 1998లనూ, 2001లనూ ఏఐటీయూసీ గెలిచింది. 2003ల ఐఎన్‌టీయూసీ, 2007ల మళ్ల ఏఐటీయూసీ. 2012, 2017ల తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘం. 2023 డిసెంబర్ 27న మళ్ల ఏఐటీయూసీ, అది కూడ రెండు వేలకు ఒక్క ఓటు తక్కువ తేడాతోని. ఆ ఎన్నికలనే పదకొండు ఏరియాల్ల ఆరు ఐఎన్‌టీయూసీకి పోయినయి. అంటే కార్మికుడు ఎవరికీ రాసియ్యలేదు. తూకం పట్టి ఓటేసిండు.

కాని ఆ బ్యాలెట్ మీద ఉన్నదేంది? సంఘం గుర్తు. నీ బాయి మీద పొద్దుగాల ఏడు గంటలకు నీతోని మాట్లాడే మనిషి పేరు దాని మీద లేదు. ఓట్లు లెక్కపెట్టినంక పిట్ సెక్రటరీల పేర్లు ఏడికెల్లి వస్తున్నయి? ఎక్కువ తావుల మీదికెల్లే వస్తున్నయి. ఏరియా లీడర్ ఇంటి ముందట బండ్లు ఆగుతయి, శాలువలు కప్పుతరు, ఫ్లెక్సీలు లేస్తయి, ఓ పొద్దు వాట్సాప్‌ల లిస్టు పడుతది. బాయి మీద నాలుగు వందల మంది ఉంటే ఆ నాలుగు వందల మందికి గూడ అప్పుడే తెలుస్తది తమ నాయకుడు ఎవరో.

ఇందుల తప్పేముంది, పని చేస్తే చాలదా అని అడిగేటోళ్లు ఉంటరు. మా ఇంట్ల జరిగింది చెప్త, సంఘం పేరు చెప్ప, మనిషి పేరు చెప్ప. మా నాయనకు నడుము పోయింది. తేలిక పని ఇప్పియ్యుమని రెండేండ్లు పిట్ సెక్రటరీ ఎనుక తిరిగిండు. ఆ మనిషి మంచోడే. దసరాకు మా ఇంటికి వచ్చి అన్నం తిన్నడు, నన్ను బాగ చదువుకొమ్మన్నడు. కాని ఎప్పుడు అడిగినా ఒక్కటే మాట: ‘పైన అడిగి చెప్త’. పైన ఎవరో మా నాయనకు తెల్వదు. మా నాయన ఎవరో ఆ పైనున్నోనికి తెల్వదు. ఒకనాడు నేను కోపం చేస్తే నాయన అన్నడు, ‘ఆయనను పెట్టినోడు పైన ఉన్నడు, మేం కింద ఉన్నం. ఆయన ఎటు సూడాలె బిడ్డా?’

అప్పుడు నాకు అది చేతగానోని మాట లెక్క అనిపించింది. తర్వాత నాదాక వచ్చినంక సమజైంది. నేనూ ఒక జర్నలిస్టుల సంఘంల కమిటీ మెంబర్‌గ ఉన్న. ఎవరూ ఓటెయ్యలే, నేనూ ఎవరినీ అడుగలే. నాయకుడు ఫోన్ చేసి ‘నీ పేరు పెట్టిన’ అన్నడు, ‘సరే అన్న’ అన్న. ఆర్నెల్లకు ఒక స్ట్రింగర్‌ను పనిల నుంచి తీసేసిండ్రు. ఇద్దరు పిల్లలోడు, నా దగ్గరికి వచ్చిండు. నేను చేసిందేంది? నాయకునికి ఫోన్ చేసిన. ‘ఇప్పుడు టైం కాదు, ఆగు’ అన్నడు. ఆగిన. ఆ తమ్మునికి నేను చెప్పిన మాట మీరు ఊహించుకోవచ్చు. మా నాయనకు చెప్పిన మాటే. ఆ నెలనే రాజీనామా చేసిన, కాని దానితోని ఆ తమ్మునికి పని రాలే.

ఇప్పుడు ఇంకొక ముచ్చట. సంఘాలకు బయటినుంచి నాయకులు వచ్చుడు మన దగ్గర పాత ఆనవాయితి. అది ఊకెనే రాలే. రైల్వే కార్మికులను కూడగట్టిన వి.వి.గిరి వకీలు. మఖ్దూం మొహియుద్దీన్ హైదరాబాద్ సిటీ కాలేజీల పాఠం చెప్పిన మనిషి. ఆ కాలంల కార్మికుడు నోరు తెరిస్తే తెల్లారి గేటు బయటనే ఉండేటోడు. దరఖాస్తు రాసేటందుకు, కోర్టుల నిలబడేటందుకు చదువు వచ్చిన బయటి మనిషి కావాల్సి వచ్చింది. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం కూడ సంఘం బాధ్యుల్ల సగం మంది దాక బయటోళ్లను ఒప్పుకున్నది. 2001 సవరణల అది తగ్గింది. సంఘటిత పరిశ్రమల్ల బయటోళ్లు మూడోవంతు లేదంటే ఐదుగురు, రెండిట్ల ఏది తక్కువైతే అది. మిగిలినోళ్లంత ఆ పనిల ఉన్నోళ్లే కావాలె. 2025 నవంబర్ 21న అమలైన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ పాత చట్టం జాగల వచ్చింది, కాని ఈ లెక్క అట్లనే ఉన్నది. ఆ కోడ్ మీద నాకు చానా అనుమానాలు ఉన్నయి, అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

ఇయ్యాల సూడుండ్రి. బదిలీ వర్కర్‌గ చేరుతున్న పిల్లల్ల బీటెక్‌లు ఉన్నరు, పీజీలు ఉన్నరు. 2023 మేల సంతకాలైన పదకొండో వేతన ఒప్పందాన్ని ఫోన్‌ల తీసి చదువగలుగుతరు. 19 శాతం పెరుగుదల దేని మీద కట్టిండ్రో, 2021 జూలై నుంచి బకాయిలు ఎట్ల లెక్కేసిండ్రో మీకు మీరే సూసుకోగలుగుతరు. దరఖాస్తు రాసేటోడు లేడని ఇప్పుడు ఎవరూ అననీకి లేదు. మరి ఇప్పటికి గూడ పేరు పైకెల్లి రావాల్సిన అవసరం ఎవరిది?

ఉద్యమంల ఉన్న మనకు ఒక చేదు మాట చెప్పాలె. 2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైనప్పుడు నేను డిగ్రీల ఉన్న. బాయిలు బందైనయి, చౌరస్తాల్ల వంటలు పెట్టినం. సింగరేణి సమ్మె చేస్తే కరెంటు ఎట్ల కటకటలాడుతదో రాష్ట్రమంత సూసింది. ఆ తర్వాతి ఏడాదే ఉద్యమంల నుంచి వచ్చిన సంఘాన్ని కార్మికుడు గెలిపించిండు, 2017ల మళ్ల గెలిపించిండు. 2023కు వచ్చేటాల్లకు అదే సంఘం పోటీల లేనట్టే అయింది. సర్కారు మారిన నెలల్నే ఎన్నిక జరిగింది కాబట్టి అట్లైంది అంటరు. నిజమే, అది పెద్ద కారణం. కాని సర్కారు మారితే కూలిపోయిందంటే, దాని కింద బాయి మీద పునాది ఎంత ఉన్నట్టు? ఉద్యమం చేసినం కాబట్టి మమ్ముల అడిగేదేందని అనుకున్నం. పిట్ కమిటీలు మీద కూసొని వేసినం. మేము అంటున్న, ఎందుకంటే అప్పుడు చప్పట్లు కొట్టి వార్తలు రాసినోళ్లల్ల నేనూ ఉన్న.

సరే, నిలబడేటోళ్లు ఏం చెయ్యాలె? మొదలు మీ సంఘం బైలాస్ పుస్తకం అడుగుండ్రి. బాధ్యులను ఎట్ల పెట్టాలె, ఎట్ల తీసెయ్యాలె అని నియమావళిల రాసి ఉండాలె. పిట్ సెక్రటరీ పేరు ఆ పుస్తకంల ఉన్నదో లేదో సూడుండ్రి. లేకుంటే మీ మొదటి డిమాండ్ అదే. మా బాయిల సభ్యత్వ రసీదు ఉన్నోళ్లంత చేతులెత్తో, చీటీ వేసో ఎన్నుకుంటరు, ఆ పేరునే కమిటీ ఒప్పుకోవాలె అని రాసి ఇయ్యుండ్రి. గుర్తింపు ఎన్నిక ఎప్పుడొస్తదో చెప్పలేం, 2017 తర్వాత ఆరేండ్లు ఎదురుసూసినం. పిట్ ఎన్నికకు కోర్టు అక్కరలేదు, లేబర్ కమిషనర్ అక్కరలేదు. ఒక డబ్బా, కొన్ని చీటీలు చాలు.

ఓట్లు అడిగేటప్పుడు మూడు షిఫ్టుల కాడికీ పోవాలె. ఫస్ట్ షిఫ్టు గేట్ మీటింగ్‌కు అందరు పోతరు, ఫోటో మంచిగ వస్తది. రాత్రి పదకొండు గంటల షిఫ్టు కాడ నిలబడెటోడు తక్కువ. ఆ షిఫ్టోళ్లు ఎవరు వచ్చిండ్రో యాదిల పెట్టుకుంటరు. ‘సర్ఫేస్ ఇప్పిస్త, క్వార్టర్ ఇప్పిస్త’ అని ఒక్కనికి చెప్పినా నీ పని అయిపోయినట్టే. ఒకనికి ఇప్పిస్తే ముప్పై మంది నీకు పగోళ్లైతరు, అది గాక దాని కోసం నువ్వు మళ్ల పైకే పోవాలె. పైరవీల లిస్టు కాదు, బాయి లిస్టు పట్టుకోవాలె. ఏ లెవల్ల గాలి ఆడుతలేదు, ఏ జంక్షన్ కాడ కప్పు పగిలింది, క్యాంటీన్ల నీళ్లు ఎట్లున్నయి, చెల్లెండ్లకు బట్టలు మార్చుకునే రూం ఉన్నదా. సేఫ్టీ కమిటీ మీటింగ్ల ఇవి రాయించి సంతకం పెట్టించాలె. 2022 మార్చిల ఈ రామగుండంలనే అడ్రియాల గనిల కప్పు కూలి ముగ్గురు పోయిండ్రు. అందుల ఆఫీసర్లు ఉన్నరు, కాంట్రాక్టు కార్మికుడు ఉన్నడు.

కాంట్రాక్టు అంటే యాదికొచ్చింది. వాళ్లకు గుర్తింపు ఎన్నికల్ల ఓటు లేదు. అందుకే గేట్ మీటింగ్‌ల వాళ్ల పేరు ఎవరూ తియ్యరు. 2022 సెప్టెంబర్‌ల వాళ్లు సమ్మెకు దిగితే పర్మినెంట్ అన్నలు చానా మంది పక్కకెల్లి నడిచి డ్యూటీకి పోయిండ్రు. 2017ల 52 వేల పైచిలుకున్న మన ఓటర్లు 2023 నాటికి 39 వేల 773 అయిండ్రు. మిగిలిన పని ఎవరు చేస్తున్నరు? నీకు ఓటు ఎయ్యలేనోని తరఫున నువ్వు మాట్లాడుతవా లేదా అన్నది నేను మా చిన్నాయన కొడుకును అడిగిన. ఇంకా జవాబు చెప్పలే. ఈడనే కూసున్నడు, సిగ్గుపడుతున్నడు.

ఓడిపోతే ఏమైతదని మొన్న వాడే అడిగిండు. తెల్లారి డ్యూటీకి పోవాలె, ల్యాంప్ రూం కాడ గెలిచినోనికి చెయ్యియ్యాలె, అదే సేఫ్టీ లిస్టు ఆయన చేతుల పెట్టాలె. ఇంట్ల రెండు రోజులు బాధ ఉంటది. ఉండనియ్యుండ్రి.

నేను చానాసేపు తీసుకున్న. ఇగ మీరు అడుగుండ్రి. కోపమున్నోళ్లు ముందు అడుగుండ్రి.